సిస్టర్ సువార్త రెండుసార్లు నొక్కింది

నేను రిటైరైన ఏడాది, బెంగుళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసు వాళ్ళు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళి గంటసేపు మాట్లాడాను. ప్రోగ్రాం ఎంత శుభ్రంగా రాయాలో, ఎంత జాగ్రత్తగా పరీక్షించాలో చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి వస్తుంటే చెప్పాల్సిన ముక్క చెప్పకుండా వచ్చేశానని తెలుస్తూనే ఉంది. అది ఇప్పుడు రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు చదివితే చాలు. ఎప్పుడు ఏ హోదాకు ఎదిగానన్నది ఇందులో ఉండదు. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఎనిమిది స్విచ్‌లు

మాది అనంతపురం. పాలిటెక్నిక్ చదివి బెంగుళూరు వచ్చి, తొంభైల మొదట్లో పీణ్యలో ఒక చిన్న కంపెనీలో చేరాను. కింద లేత్ మిషన్ల షెడ్డు, పైన మేము పదిహేనుమందిమి. ఆసుపత్రిలో రోగి మంచం పక్కన పెట్టే మానిటర్లు తయారుచేసేవాళ్ళం. వేలికి క్లిప్పు తగిలిస్తే నాడి ఎలా కొట్టుకుంటోందో, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో తెర మీద కనపడుతుంది. ఆక్సిజన్ తగ్గితే అలారం మోగుతుంది. దాని లోపలి ప్రోగ్రాం రాయడం నా పని.

అప్పటి చిప్‌లలో జాగా చాలా తక్కువ. అందుకని మానిటర్‌కు ఉన్న ఆప్షన్లన్నీ ఒక్క బైట్‌లో ఇరికించేవాళ్ళం. బైట్ అంటే ఎనిమిది బిట్లు. ఇంట్లో గోడకు ఎనిమిది స్విచ్‌ల బోర్డు ఒకటి ఉందనుకోండి. ఒక స్విచ్ ఆక్సిజన్ అలారానికి, ఒకటి నాడి చప్పుడుకు, ఒకటి శబ్దం ఆపడానికి, ఇలా. వాటి విలువలు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపవుతూ పోతాయి. ఏ స్విచ్‌లు వేసి ఉన్నాయో వాటి మొత్తమే ఆ బైట్.

మా యజమాని లోకనాథం గారు. వాళ్ళ తాతల కాలంలోనే బెంగుళూరు వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే, బయట కన్నడం. మొదటి సంవత్సరం నేను చేసిన ఒక తప్పు ఆయనే పట్టుకున్నారు. ఆప్షన్‌ను వేయాల్సిన చోట నేను దాని విలువను కూడేశాను. స్విచ్ అంతకుముందు ఆపి ఉంటే కూడిక సరిగ్గానే పనిచేస్తుంది. ముందే వేసి ఉంటే నాలుగూ నాలుగూ ఎనిమిదై, వేయాల్సిన స్విచ్ ఆరిపోయి పక్క స్విచ్ వెలుగుతుంది. ఆయన ముందర చూపిస్తుండగానే ఆక్సిజన్ అలారం ఆగిపోయి, నాడి టిక్కుటిక్కుమని మోగడం మొదలైంది.

ఆయన కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"ఓబులేసూ, ఆ దీపం ముందే వెలిగుండాదో లేదో నీకేం తెలుసప్పా?" అన్నారు. "వెలిగున్నా సరే, ఆరిపోయున్నా సరే, 'వెలుగు' అని చెప్పు. అట్ల చెప్తే ఎన్నిసార్లు చెప్పినా తప్పు రాదు."

కూడిక తీసేసి 'ఆర్' పెట్టాను. నిలువు గీత గుర్తు. అది ఉన్నదాన్ని ఉంచుతుంది, లేనిదాన్ని వేస్తుంది. అలాగే ఫలానా ఆప్షన్ ఉందా అని చూడటానికి 'అండ్' వాడాలనీ, మొత్తం బైట్‌ను ఆ విలువతో సరిపోల్చితే 'ఇది ఉందా' అని కాక 'ఇదొక్కటే ఉందా' అని అడిగినట్టవుతుందనీ ఆయనే చెప్పారు. చేతిలో విద్య ఉన్న మనిషి. ఆ రోజు ఆయన చెప్పిన మాట నేను అర్థం చేసుకున్నాననే అనుకున్నాను. పట్టుకున్నది నిలువు గీతను మాత్రమే. అసలు మాటను వదిలేశాను.

ఒక్క పంక్తి

రెండేళ్ళ తర్వాత శబ్దం ఆపే బటన్‌కు ప్రోగ్రాం రాశాను. వార్డులో నర్సు రోగికి క్లిప్పు సర్దేటప్పుడో, గొంతులో తెమడ తీసేటప్పుడో అలారం ఊరికే కొట్టుకుంటుంది. బటన్ నొక్కితే రెండు నిమిషాలు శబ్దం ఆగుతుంది. ఆ తర్వాత దానంతటదే తిరిగి వస్తుంది. పని ముందే అయిపోతే, మళ్ళీ నొక్కితే వెంటనే వస్తుంది. శబ్దం ఆగి ఉన్నంతసేపూ తెర మీద ఒక చిన్న గంట బొమ్మ, దాని మీద అడ్డగీత కనపడతాయి. ఇవి కాక, బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. రోగిని వేరే వార్డుకు తీసుకుపోయేటప్పుడు వాడతారని అది పెట్టాం.

ఇందులో నేను గర్వపడిన పని ఒకటుంది. బిట్‌ను తిరగేసే గుర్తు ఒకటి ఉంటుంది, టోపీలాంటిది. 'ఎక్స్-ఆర్' అంటాం. వేసి ఉంటే ఆపుతుంది, ఆపి ఉంటే వేస్తుంది. బటన్ నొక్కినప్పుడూ, రెండు నిమిషాలు అయిపోయినప్పుడూ రెండు చోట్లా ఆ ఒక్క పంక్తినే వాడాను. జాగా మిగిలింది. అందరినీ పిలిచి చూపించాను కూడా.

మేడమెట్లకు కిందా పైనా రెండు స్విచ్‌లుండే దీపం చూసుంటారు. పైనున్నవాడు దీపం ఆర్పేశాడు. అది తెలియక కిందివాడు తానూ ఆర్పుదామని నొక్కితే దీపం వెలుగుతుంది. నేను చేసింది అదే. నర్సు రెండు నిమిషాల లోపే మళ్ళీ నొక్కి శబ్దాన్ని తెచ్చిపెట్టిందనుకోండి. లోపలి గడియారానికి ఆ సంగతి తెలియదు. రెండు నిమిషాలు నిండగానే అది తన వంతుగా బిట్‌ను తిరగేస్తుంది. వచ్చిన శబ్దం పోతుంది. ఇక దాన్ని వెనక్కి తెచ్చే గడియారం ఏదీ ఉండదు.

తిరగేయకుండా 'ఆపడం తీసెయ్' అని రాసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. పంక్తి పొడవు కొద్దిగా పెరిగేది. అంతే.

కాడుగోడి

బెంగుళూరు శివార్లలో, కాడుగోడి దగ్గర ఒక చిన్న ఆసుపత్రి మా మానిటర్లు కొన్నది. ఒకనాటి మధ్యాహ్నం అక్కడి నుంచి ఫోను. అంతకుముందు రోజు నారాయణప్ప అనే పెద్దాయనకు తుంటి ఎముక ఆపరేషన్ అయ్యింది. వార్డులో ఊపిరి సరిగా ఆడక ఆక్సిజన్ పడిపోయింది. అలారం మోగలేదు. వేరే మంచం దగ్గరికి పోతున్న ఆయా ఆయన పెదవులు నీలంగా ఉండటం చూసి కేక వేసింది. ప్రాణం నిలబెట్టారు కానీ మాట పడిపోయింది. మానిటర్ తెర మీద గంట బొమ్మకు అడ్డగీత ఉంది. యంత్రాన్ని పరీక్షించడానికి నన్ను పంపించారు.

ఆ వార్డు నర్సు పేరు సువార్త. పాతికేళ్ళుంటాయి. సూపరింటెండెంట్ గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని లేచి వచ్చింది.

"సార్, మీరు తెలుగోళ్ళా?"

"అనంతపురం, సిస్టర్."

"మాది నంద్యాల పక్క సార్. మీరన్నా వినండి. ఆయన చెయ్యి కదిలించి క్లిప్పు జారిపోయింది. అలారం కొట్టుకుంటా ఉంటే ఒకసారి నొక్కినా. క్లిప్పు సరిగా పెట్టి మళ్ళా నొక్కినా. గంట మీద గీత పోయింది. నా కండ్లతో చూసినా. చూసినాకే పక్క మంచం కాడికి పోయినా."

"గాభరాలో ఎక్కువసేపు నొక్కి పట్టుకున్నావేమోనమ్మా."

"గాభరా తర్వాత పడినా సార్. అప్పుడు పడలా."

లోపలికి వెళ్ళి మానిటర్‌ను పరీక్షించాను. ఒకసారి నొక్కాను. శబ్దం ఆగింది. రెండు నిమిషాలకు తిరిగి వచ్చింది. మూడుసార్లు అలాగే చేశాను, మూడుసార్లూ వచ్చింది. ఆమె చెప్పినట్టు మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. ఎందుకు చేయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆమె చెప్పినదాంట్లో ఆ యంత్రం గురించి నాకు తెలియనిది ఏమీ లేదనుకున్నాను. ఆ యంత్రం నాది, ఆమె దాన్ని నొక్కే మనిషి. అంతకుమించి కారణం లేదు.

రిపోర్టులో యంత్రం సక్రమంగా ఉందని రాశాను. అంతటితో ఆగినా కొంత నయమయ్యేది. సూపరింటెండెంట్ "మరి శబ్దం ఎట్లా పోయింది?" అని అడిగారు. దానికి జవాబుగా ఇంకో వాక్యం చేర్చాను. 'బటన్‌ను నొక్కి పట్టి ఉంచినందువల్ల శబ్దం పూర్తిగా నిలిచిపోయి ఉండవచ్చును.' కింద సంతకం పెట్టాను. వార్డులో అందరూ చదివినదాని అర్థం ఒక్కటే. నర్సు విసుగు పుట్టి అలారం నోరు నొక్కేసింది.

బల్ల మీద

మూడు వారాల తర్వాత, ఒక ఉదయం, కొత్త మోడల్ పని మీద బల్ల ముందు కూర్చున్నాను. టీ వచ్చింది. టీ తాగుతూ, ఏమీ తోచక, బటన్ ఒకసారి నొక్కాను. కొద్దిసేపు ఆగి మళ్ళీ నొక్కాను. గంట మీద గీత పోయింది. టీ అయిపోవచ్చే సమయానికి గీత దానంతటదే తిరిగి వచ్చింది.

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఇంకోసారి చేశాను. మళ్ళీ వచ్చింది. ప్రోగ్రాం తీసి చూడనక్కర్లేదు. ఆ పంక్తి నాకు నోటికి వచ్చు.

లోకనాథం గారి గదికి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పాను. ఆయన చేతిలోని పెన్ను పక్కన పెట్టారు.

"ఆ పేషెంటు ఎట్లుండాడు?"

"మాట రాలేదంట సార్."

"ఆ సిస్టరు?"

"విచారణ జరుగుతోందంట."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూడప్పా. అన్ని ఆసుపత్రుల్లో చిప్‌లు మార్చేద్దాం. సర్వీసు అని చెప్పి నువ్వే పోయి మార్చు. ఈ వారంలోనే అయిపోవాల. సుమ్నే, ఊరికే అందరికీ చెప్పుకుంటే కంపెనీ ఉండదు. ఈ పదైదు సంసారాలు యాడికి పోతాయి?"

"ఆమె ఉద్యోగం సార్..."

"నర్సులకు ఉద్యోగాలకేం తక్కువ? ఇంకో చోట దొరుకుతాది."

ఇన్నేళ్ళూ ఆ మాటను ఆయన మీదికి నెట్టి బతికాను. నిజం ఏమిటంటే, ఆయన అలా అంటారని తెలిసే ఆ గదికి వెళ్ళాను. అన్నాక నాకు ప్రాణం కుదుటపడింది. మీకు మంచి యజమాని దొరకవచ్చు, పని నేర్పవచ్చు. మీ బదులు నిజం చెప్పే బాధ్యత మాత్రం ఆయన మోయడు. మోస్తాడని వెళ్ళేవాడు నాలాంటివాడే.

కాడుగోడి ఆసుపత్రికి ఆఖరున వెళ్ళాను. చిప్‌లు మార్చాను. మేట్రన్ సర్వీసు కాగితం మీద సంతకం పెడుతుంటే సువార్త సంగతి అడిగాను.

"మొన్ననే పంపించేసినారు. అనుభవం సర్టిఫికెట్ కూడా ఇయ్యలా. మీ రిపోర్టు ఉండాది గదా సార్, ఇంకేం చేస్తారు?" అంది.

ఆ సమయంలో నా చేతిలో పాత చిప్ ఉంది. దాన్ని జేబులో వేసుకుని, కాగితం మడిచి వచ్చేశాను. అందులో 'సాధారణ సర్వీసు' అని రాసి ఉంది. రాసింది నేనే.

ఓబులేసు రూలు

రెండు వేల సంవత్సరం తర్వాత బ్రూక్‌ఫీల్డ్‌లో పెద్ద కంపెనీకి మారాను. అక్కడ నాకో పేరు వచ్చింది. ఎవరి ప్రోగ్రాంలోనైనా గడియారం చేతికి తిరగేసే గుర్తు ఇచ్చారంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. 'వేయాలంటే వెయ్యమని రాయి, తీయాలంటే తీయమని రాయి, తిప్పమని రాయకు' అనేవాణ్ణి. పిల్లలు దానికి ఓబులేసు రూలు అని పేరు పెట్టారు. ఎందుకు సార్ అని అడిగితే "అనుభవం" అని నవ్వేవాణ్ణి. గౌరవంగా తలూపేవాళ్ళు. ఒక మనిషి బతుకు పాడుచేసి నేర్చుకున్న పాఠానికి నా పేరు పెట్టించుకుని ఏళ్ళ తరబడి తిరిగాను. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించేది ఇదే.

మధ్యలో పీణ్య కంపెనీ మూతపడింది. లోకనాథం గారు పోయారు. అంత్యక్రియలకు వెళ్ళాను. ఇక ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని అక్కడ నిలబడి అనుకున్నాను. అనుకున్నప్పుడు నాకు కలిగింది దుఃఖం ఒక్కటే కాదు.

కాగితం

శాలువా కప్పించుకుని వచ్చిన తర్వాతి వారం కాడుగోడి వెళ్ళాను. తెలుగు ప్రార్థన జరిగే చర్చి ఎక్కడో కనుక్కుని, అక్కడ అడిగాను. సువార్త ఊళ్ళోనే ఉందన్నారు. ఒక స్కూలు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. నర్సు పని మళ్ళీ దొరకలేదట.

హాస్టల్ వరండాలో ఉతికిన దుప్పట్లు లెక్కపెట్టుకుంటోంది. జుట్టు నెరిసింది. నేను పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"మానిటర్ సార్ గదా. కూర్చోండి."

కూర్చోకుండానే చెప్పాను. బటన్, గడియారం, తిరగేయడం, అన్నీ. ఆమె దుప్పటి చేతిలో పట్టుకునే విన్నది.

"అయితే నేను రెండోసారి నొక్కినానా?" అంది.

"నొక్కినావమ్మా. రెండుసార్లూ సరిగ్గానే నొక్కినావు."

దుప్పటి పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది.

"మొదట్లో అందరికీ చెప్పినా సార్. ఎవరూ నమ్మలా. చర్చిలో పెద్దమ్మ ఒకామె, నొక్కి పట్టుకున్నావేమో, బాగా జ్ఞాపకం చేసుకో అనింది. చేసుకుంటా చేసుకుంటా ఉంటే నా వేలు పట్టుకునే ఉన్నట్టు అనిపించింది. ఒక ఆదివారం లేచి నిలబడి, నేనే చేసినానని అందరి ముందర ఒప్పుకున్నా. నారాయణప్ప గారింటికి పోయినా. ఆయన భార్య నన్ను గడప తొక్కనీలా. తప్పు నాదే గదా అని వచ్చేసినా." నా వైపు తిరిగి అడిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి ఇంకా వీలుందని ఆ క్షణంలో కూడా నాకు తోచింది.

"మూడు వారాలకి."

"నేను చర్చిలో లేచింది అది జరిగిన అయిదో నెలలో సార్."

లోపల పిల్లలెవరో పద్యం వల్లెవేస్తున్నారు. క్షమించమని అడగాలనే వెళ్ళాను. అడగలేదు.

చివరికి ఆమె లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చింది. "ఇప్పుడు చెప్పిందంతా రాసియ్యండి" అంది.

రాశాను. ఆమె తీసుకుని ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"ఇదేంది సార్? 'నర్సు రెండవసారి బటన్ నొక్కినట్లు తెలియుచున్నది' అని రాసినారు."

"అంటే... రిపోర్టుల్లో అలాగే..."

"తెలియుచున్నది ఏంది? నొక్కింది అని రాయండి."

కొట్టేసి రాశాను. నొక్కింది.

"ఇంకోటి గూడా ఇట్లే రాయండి. నారాయణప్ప గారింటికి. అది మీరే తీసకపోవాల." రెండోది రాయడం పూర్తయ్యాక తన కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. దుప్పట్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది. మళ్ళీ రమ్మని గానీ, రావద్దని గానీ అనలేదు.

నారాయణప్ప గారిల్లు

రైల్వే స్టేషన్ వెనక సందులో ఆ ఇల్లు. రెండుసార్లు సందు మొదటిదాకా వెళ్ళి తిరిగి వచ్చాను. మూడోసారి తలుపు తట్టాను. యాభై ఏళ్ళ ఆడమనిషి తీసింది. నారాయణప్ప కూతురు. తండ్రీ తల్లీ ఇద్దరూ పోయారని చెప్పింది. తండ్రి ఆరేళ్ళు బతికాడట. ఆ ఆరేళ్ళలో కావాల్సినవన్నీ చేత్తో చూపించే అడిగేవాడట.

కాగితం చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చింది.

"నాకు తెలుగు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదు. మేము చదివిందంతా కన్నడం. మీరే చదవండి."

అది నేను అనుకోలేదు. వాకిట్లో నిలబడి, నా సంతకం ఉన్న కాగితం నా నోటితో మొదటినుంచీ చివరిదాకా చదివాను. పక్కింటివాళ్ళు ఇద్దరు గోడ దగ్గరికి వచ్చి విన్నారు. 'ఈ విషయం నాకు మూడు వారాలకే తెలిసినా ఎవరికీ చెప్పలేదు' అనే వాక్యం దగ్గర ఆగాను. ఆమె నన్ను తొందరపెట్టలేదు. పూర్తిచేశాను.

తిడుతుందనుకున్నాను. తలుపు వేసేస్తుందనుకున్నాను. దేనికైనా సిద్ధపడే నిలబడ్డాను.

"ఆ సిస్టరు మా ఇంటికి వచ్చింది" అంది. "మా అమ్మ ఆమె మీద చెంబుడు నీళ్ళు పోసి పంపించింది. నేను చూస్తా నిలబడినా. ఆమె ఇప్పుడు యాడుండాది?"

హాస్టల్ పేరు చెప్పాను.

"ఆ ఇస్కూలు నాకు తెలుసు."

ఆమె లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, చీర సర్దుకుని వచ్చింది. తలుపుకు తాళం వేసింది. నా చేతిలోని కాగితం అడిగి తీసుకుంది. నన్ను ఇంకేమీ అడగలేదు. చెప్పులు తొడుక్కుని సందు దాటి హాస్టల్ వైపు నడిచి వెళ్ళిపోయింది. తాళం వేసిన ఆ ఇంటి వాకిట్లో నేను ఒక్కణ్ణే మిగిలాను.